ట్యాంకులో పెట్రోలు, గాలిలో ఇంజన్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

హైదరాబాదులో పైలట్ శిక్షణ గురించి గత నెల నేను రాసిన వ్యాసం చదివి పలువురు పాఠకులు ఉత్తరాలు పంపారు. వాటిలో ఎక్కువ భాగం ఒకే భయం చుట్టూ తిరిగాయి: ఒకే ఇంజన్ ఉన్న చిన్న విమానంలో ఆ ఇంజన్ గాలిలో ఆగిపోతే ఏమిటి గతి? బేగంపేటలో చాలా ఏళ్ళు శిక్షకుడిగా పనిచేసినవాడిని కాబట్టి, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: కెప్టెన్ గారికి నమస్కారం. మా అమ్మాయి నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకుంటోంది. ఇప్పటికి 30 గంటలు ఎగిరింది. ఇంధనం సరిగా చూసుకోకపోవడం వల్ల చిన్న విమానాల ఇంజన్లు ఆగిపోతుంటాయని చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. స్కూటర్ మీద వెళ్ళేవాళ్ళు కూడా పెట్రోలు చూసుకునే బయలుదేరుతారు కదా, అంత చదువుకున్న పైలట్లు ఎలా మరిచిపోతారు? ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుందా? — ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ నిద్ర పోగొట్టింది అదే. ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడదు. విమానాన్ని గాలిలో నిలిపేవి రెక్కలు; ఇంజన్ చేసేది దానిని ముందుకు లాగడం. ఇంజన్ ఆగిన వెంటనే పైలట్ ముక్కును కాస్త కిందికి దించి తగిన వేగాన్ని నిలుపుకుంటే, విమానం తన ఎత్తును కొంచెం కొంచెంగా ఖర్చు చేసుకుంటూ ముందుకు జారుతూ పోతుంది. శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 152 విమానంలో ఆ వేగం 60 నాట్లు, అంటే గంటకు 111 కిలోమీటర్లు. ఎదురుగాలి లేనప్పుడు, నేల నుంచి 3,000 అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగిందనుకుంటే, దాదాపు 8 కిలోమీటర్ల దూరం, 4 నిమిషాలకు పైగా సమయం పైలట్ చేతిలో ఉంటాయి. చదునైన పొలం ఒకటి ఎంచుకోవడానికి, ఇంజన్‌ను తిరిగి నడిపించే ప్రయత్నం చేయడానికి, రేడియోలో మేడే అనే ఆపద పిలుపు ఇవ్వడానికి ఆ సమయం సరిపోతుంది. ఈ అభ్యాసాన్ని విద్యార్థుల చేత ఒంటరిగా ఎగరనివ్వక ముందే పదేపదే చేయిస్తారు. ఈ సాయంత్రం మీ అమ్మాయిని అడగండి. ఏ వేగం, ఏ పొలం, ఏ వరుస అన్నది ఆమె తడుముకోకుండా చెబుతుంది.

ఇక ఇంజన్‌కు ఇంధనం అందకపోవడం రెండు రకాలు. మన ఇళ్ళ మీద ఉండే నీళ్ళ ట్యాంకును ఊహించుకోండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా కుళాయిలో నీళ్ళు రావు; ట్యాంకు నిండుగా ఉండి మధ్యలో వాల్వు మూసి ఉన్నా రావు. విమానంలో మొదటిది ఇంధనం అయిపోవడం, రెండవది ఇంధనం ఉండి కూడా ఇంజన్ దాకా చేరకపోవడం. రెండో రకంలో ఒక రెక్కలోని ట్యాంకు నిండుగా ఉండగానే, రెండో రెక్కలోని ఖాళీ ట్యాంకు మీద ఇంజన్‌ను నడుపుతూ నేలకు దిగిపోయినవారు ఉన్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే ప్రమాదాలు అవే.

చదువుకున్నవారు ఎలా మరిచిపోతారని అడిగారు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2017లో పైలట్ల కోసం విడుదల చేసిన హెచ్చరికలో దీనికి జవాబు దొరుకుతుంది. 2011 నుంచి 2015 వరకు ఆ దేశంలో ఇంధనం విషయంలో జరిగిన తప్పుల వల్ల ఏటా సగటున 50కి పైగా చిన్న విమానాల ప్రమాదాలు జరిగాయి. వాటిలో 95 శాతం ప్రమాదాల్లో పైలట్ పొరపాటు ఉంది. పరికరాల లోపం 5 శాతమే. ఆ పైలట్లలో దాదాపు సగం మంది వృత్తి పైలట్లకిచ్చే పెద్ద లైసెన్సులు ఉన్నవారు కాగా, విద్యార్థులు 2 శాతం మాత్రమే. విద్యార్థి భయపడతాడు, కొలుస్తాడు, పక్కన ఉన్న శిక్షకుడు మళ్ళీ చూస్తాడు. వేల గంటలు ఎగిరినవాడికి 'నిన్న నింపారు, ఇంకా ఉంటుంది' అనే నమ్మకం అలవాటుగా మారుతుంది. కనుక మీ అమ్మాయి గురించి ఇప్పుడు పడుతున్న దిగులును, ఆమె లైసెన్సు చేతికి వచ్చి అయిదారేళ్ళు గడిచాక ఆమెకు గుర్తు చేయడానికి దాచుకోండి.

ప్రశ్న: శిక్షణలో 45 గంటలు పూర్తి చేశాను. మా సెస్నా 152లో గేజిలు రెండూ పనిచేస్తున్నా, మా సార్ ప్రతిసారీ నిచ్చెన ఎక్కించి డిప్‌స్టిక్‌తో (ట్యాంకులో ముంచి చూసే కొలత పుల్లతో) కొలిపిస్తారు. ఇది నిజంగా అవసరమా? మరొక సందేహం: మొన్న రెండున్నర గంటల క్రాస్ కంట్రీ (దూర ప్రయాణ శిక్షణ) నుంచి తిరిగి వచ్చి కొలిస్తే, పుస్తకంలోని పట్టిక ప్రకారం మిగలవలసిన దానికంటే 10 లీటర్లు తక్కువ ఉంది. లోపం విమానంలోనా, నా లెక్కలోనా? — శిక్షణ పైలట్, సైనిక్‌పురి

జవాబు: మీ సార్ చేయిస్తున్నది అక్షరాలా అవసరం. గేజి వెనుక ఉన్నది ట్యాంకులో తేలే ఒక బెండు, దానికి కలిపిన ఒక తీగ. రెక్కలోని ట్యాంకు లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, విమానం కాస్త ఒరిగినా, ముక్కు కాస్త లేచినా లోపలి పెట్రోలు ఒక పక్కకు చేరి ముల్లు కదిలిపోతుంది. పైగా సెస్నా 152 తయారీ 1985లోనే నిలిచిపోయింది. అంటే మీరు ఎక్కే విమానం, అందులోని గేజి, రెండూ మీకంటే పెద్దవి. గేజి తక్కువ చూపిస్తే నమ్మండి, ఎక్కువ చూపిస్తే మాత్రం నమ్మకండి. కొలిచేటప్పుడు విమానం చదునైన నేల మీద ఉండాలి, డిప్‌స్టిక్ ఆ విమానానికి చెందినదే అయి ఉండాలి. పెద్ద ట్యాంకులున్న 152 కూడా ఉంది కాబట్టి, ఒకదాని పుల్ల మరొకదానికి వాడితే తప్పు సంఖ్య వస్తుంది.

కొలిచాక మూతను మీ చేతితోనే బిగించండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. శిక్షకుడిగా నా తొలి రోజుల్లో ఒక ఉదయం విమానం వివరాలు రాసే టెక్ లాగ్‌లో 'ట్యాంకులు నిండుగా ఉన్నాయి' అని రాసి ఉండడం చూసి, నిచ్చెన తెప్పించుకోకుండానే విద్యార్థితో కలిసి బయలుదేరాను. 40 నిమిషాల తరువాత కుడి గేజి త్వరత్వరగా పడిపోతుంటే, 'ఈ గేజి ఎప్పుడూ ఇంతే' అని విద్యార్థికి చెప్పినవాడిని నేనే. అతడు వెనక్కి తిరిగి చూసి, రెక్క వెనుక అంచు మీద నీలిరంగు చార ఉందన్నాడు. మూత సరిగా బిగియలేదు. రెక్క పైభాగంలో గాలి పీడనం తక్కువగా ఉంటుంది కాబట్టి, వదులైన మూత సందులోంచి పెట్రోలును గాలి పీల్చివేస్తూనే ఉంది. వెంటనే వెనక్కి తిరిగి దిగాము. కొలిస్తే ఆ ట్యాంకులో దాదాపు ఏమీ లేదు. ఆ రోజు మమ్మల్ని కాపాడింది విద్యార్థి కళ్ళు. నా అనుభవం కాదు.

ఇక మీ 10 లీటర్ల సంగతి. విమానంలో లోపం లేదని నా అభిప్రాయం. పుస్తకంలోని పట్టికలు మిక్స్చర్‌ను, అంటే ఇంజన్‌లోకి పోయే గాలి, పెట్రోలు మిశ్రమాన్ని, పెట్రోలు పాలు తగ్గించి పలుచన చేసి నడుపుతారనే షరతు మీద తయారైనవి. ఆ షరతు పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది విద్యార్థులు ఎర్రటి మిక్స్చర్ పిడిని పూర్తిగా లోపలికి నెట్టి ఉంచి, టేకాఫ్ నుంచి దిగేదాకా దానిని ముట్టుకోరు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచనవుతుంది, పెట్రోలు మాత్రం అదే మోతాదులో వచ్చి వృథాగా పోతుంది. బేగంపేట రన్‌వేనే సముద్రమట్టం కంటే 1,700 అడుగులకు పైగా ఎత్తున ఉన్న సంగతి మరువకండి.

లెక్క వేసి చూడండి. మామూలు సెస్నా 152లో పట్టేది 98 లీటర్లు, అందులో వాడుకోగలిగింది 93 లీటర్లు. పలుచన చేసి నడిపితే గంటకు 23 లీటర్లు ఖర్చవుతుందనుకుంటే, 4 గంటలు వస్తుంది. పలుచన చేయక గంటకు 27 లీటర్లు తాగిందనుకుంటే, 3 గంటల 27 నిమిషాలే వస్తుంది. పగటిపూట చూపు మీద ఆధారపడి ఎగిరేటప్పుడు అంతర్జాతీయ ప్రమాణం అడిగే కనీస నిల్వ 30 నిమిషాలు. అంటే ఆ పిడిని ముట్టుకోకపోవడం ఒక్కటే మీ నిల్వ మొత్తాన్నీ మింగి, ఇంకా కొన్ని నిమిషాలు అప్పు పెడుతుంది. గంటకు 4 లీటర్ల తేడా రెండున్నర గంటలకు మీరు చెప్పిన 10 లీటర్లే అవుతుంది.

కొలమానాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పుస్తకం అమెరికన్ గ్యాలన్లలో చెబుతుంది, ఇంధనం పోసే బండి (బౌజర్) మీటరు లీటర్లలో చూపుతుంది, బరువు లెక్క పౌన్లలోనో కిలోలలోనో ఉంటుంది. అమెరికన్ గ్యాలన్ 3.785 లీటర్లు, పాత బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు, లీటరు ఏవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) బరువు సుమారు 0.72 కిలో. ఇలాంటి పొరపాటుతోనే 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం, 22,300 కిలోల ఇంధనం ఉండవలసిన చోట 22,300 పౌన్లతో బయలుదేరి, 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోయి, గిమ్లీ అనే ఊరిలోని పాత వాయుసేన రన్‌వే మీదికి జారుతూ వచ్చి దిగింది. ఎవరి ప్రాణానికీ హాని జరగలేదు. అంత పెద్ద సంస్థలో, అంతమంది చేతుల మీదుగా జరిగిన లెక్కే తప్పినప్పుడు, మీ లెక్కను మీరు రెండుసార్లు వేసుకోవడంలో నామోషీ లేదు.

ఇంజన్ నడిపించిన నిమిషాన్ని కాగితం మీద రాసుకోండి. ప్రతి అరగంటకు ఎంత ఖర్చయి ఉంటుందో, ఎంత మిగిలి ఉంటుందో రాయండి. దిగేసరికి గంటకు సరిపడా పెట్రోలు ట్యాంకులో ఉండాలన్నది నా సొంత నియమం. ఎదురుగాలి ఎక్కువై ఆ గంటలోకి చొరబడవలసి వస్తుందనిపిస్తే, దారిలో ఉన్న మరొక చోట దిగి నింపుకోవడమే సరైనది.

ప్రశ్న: ఉప్పల్‌లో మాకు పెట్రోలు బంకు ఉంది. చిన్న విమానాలు కూడా పెట్రోలుతోనే నడుస్తాయంటారు. మా బంకు పెట్రోలు పోస్తే ఏమవుతుంది? విమానాశ్రయంలోనూ తప్పు ఇంధనం పోసే ప్రమాదం ఉంటుందా? — బంకు యజమాని

జవాబు: సెస్నా వంటి విమానాలు తాగేది ఏవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్ అనే ప్రత్యేక పెట్రోలు. గుర్తు తెలియడానికి దానికి నీలిరంగు కలుపుతారు. చాలాకాలం దిగుమతి మీదే ఆధారపడ్డాం. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరలో తయారైన ఏవ్‌గ్యాస్‌ను విడుదల చేసింది. మీ బంకులో ఇప్పుడు అమ్ముతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత విమానాల్లోని రబ్బరు సీళ్ళను పాడు చేస్తుంది. ఎండవేడికీ ఎత్తుకూ బంకు పెట్రోలు గొట్టాల్లోనే ఆవిరై, ఆ బుడగ అడ్డుపడి ఇంజన్ ఆగవచ్చు. ఆక్టేన్ కూడా చాలదు. కొన్ని తేలికపాటి విమానాల్లోని రోటాక్స్ ఇంజన్లకు మోటారు పెట్రోలు అనుమతి ఉంది, కానీ అది తయారీదారు పెట్టిన హద్దులకు లోబడిన సంగతి.

మీ రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. పెద్ద విమానాలు వాడే జెట్ ఇంధనం కిరోసిన్ జాతికి చెందినది. డైమండ్ డీఏ-42 వంటి డీజిల్ రకం ఇంజన్లున్న చిన్న విమానాలు కూడా దానినే తాగుతాయి కాబట్టి, ఒకే మైదానంలో రెండు రకాల బౌజర్లు తిరుగుతుంటాయి. పెట్రోలు ఇంజన్‌లో జెట్ ఇంధనం పోస్తే అది వెంటనే ఆగిపోదు. గొట్టాల్లో, కార్బురేటర్‌లో మిగిలిన మంచి పెట్రోలుతో నేల మీద రన్‌వే దాకా నడిచి (టాక్సీ చేసి), టేకాఫ్ కూడా తీసుకుని, కొద్ది ఎత్తుకు చేరాక, లోపలి పేలుళ్ళకు పిస్టన్లు దెబ్బతిని శక్తి పోతుంది. ఇంతకంటే చెడ్డ ఎత్తు మరొకటి లేదు. అందుకే జెట్ ఇంధనం నాజిల్‌ను వెడల్పుగా, పెట్రోలు ట్యాంకు మూతి పట్టనట్లుగా చేస్తారు. ట్యాంకులో రెండూ కలిసినప్పుడు నీలిరంగు ఇంకా కనిపిస్తూనే ఉండవచ్చు కాబట్టి రంగు చూసి ఊరుకోకూడదు. ఒక చుక్కను తెల్ల కాగితం మీద వేస్తే, ఏవ్‌గ్యాస్ మచ్చ లేకుండా ఆరిపోతుంది, జెట్ ఇంధనం నూనె మరక మిగుల్చుతుంది. ఇంధనం పోసేటప్పుడు పైలట్ అక్కడే నిలబడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ప్రశ్న: సెస్నా నుంచి పైపర్ విమానానికి మారాను. ట్యాంకుల స్విచ్ గురించి ప్రత్యేకంగా ఏమి గుర్తుంచుకోవాలి? — లైసెన్సు పొందిన పైలట్, అల్వాల్

జవాబు: సెస్నా 152లో ఇంధనానికి తెరవడం, మూయడం తప్ప వేరే స్థానం లేదు. 172లో ఎడమ, కుడి, రెండూ అనే స్థానాలున్నాయి. రెక్కలు కింద ఉండే పైపర్ చెరోకీ జాతి విమానాల్లో 'రెండూ' అనే స్థానమే లేదు. ఎడమ లేదా కుడి. ట్యాంకు మార్చే మీట మీ ఎడమ మోకాలి పక్కన గోడ మీద ఉంటుంది, చూపుకు సులభంగా ఆనదు. అరగంటకు ఒకసారి మార్చుకుంటూ, మార్చే ముందు విద్యుత్ పంపును వేసి, మార్చాక ఇంజన్ నిలకడగా నడుస్తోందని రూఢి చేసుకున్నాకే దానిని ఆపాలి. టేకాఫ్‌కు ముందు రన్‌వే చివర నిలబడి ట్యాంకు మార్చకండి. ఇంజన్‌ను ఏ ట్యాంకు మీద పరీక్షించారో దాని మీదే లేవండి. మీట సరిగా కూర్చోకపోయినా పైపులో ఉన్న పెట్రోలు మిమ్మల్ని గాలిలోకి తీసుకువెళ్ళి అక్కడ వదిలేస్తుంది.

గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరీ తీరం దగ్గర మరణించిన ప్రమాదాన్ని నేను ప్రతి శిక్షణ బృందానికీ చెప్పేవాడిని. అది ఇంట్లో కట్టిన లాంగ్-ఈజీ విమానం. ట్యాంకు మార్చే మీటను దానిని కట్టినవారు పైలట్ ఎడమ భుజం వెనుక అమర్చారు. దానిని అందుకోవాలంటే ఒళ్ళంతా తిప్పాలి; అలా తిప్పినప్పుడు కాలు చుక్కాని (రడ్డర్) పెడల్‌ను నొక్కేస్తుంది. ఆయన పెట్రోలు నింపించుకోకుండానే బయలుదేరారు. కొత్త విమానంలో కూర్చున్న రోజున, కళ్ళు మూసుకుని ఆ మీటను అన్ని స్థానాలకూ తిప్పగలిగేదాకా ఇంజన్ నడిపించవద్దు.

ఇంజన్ తడబడితే ముందు వేగం, తరువాత పొలం, ఆ తరువాత చెయ్యి ఆ మీట మీదికే పోవాలి: రెండో ట్యాంకుకు మార్చి, పంపు వేసి, మిక్స్చర్ నిండుగా చేసి, కార్బురేటర్‌కు వేడిగాలి పంపే కార్బురేటర్ హీట్ పిడి లాగి, ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండూ ఆన్‌లో ఉన్నాయా అని చూడాలి. టేకాఫ్ తీసుకున్న వెంటనే ఇంజన్ ఆగితే మాత్రం ఇదంతా చేసే వ్యవధి ఉండదు. ముక్కు దించి, ఎదురుగా కాస్త అటూ ఇటూ కనిపించే ఖాళీ స్థలంలో దిగాలి. వెనక్కి తిరగాలనే కోరికకు లొంగవద్దు. 45 డిగ్రీలు ఒరిగి తిరిగితే స్టాల్ వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం, 19 శాతం పెరుగుతుంది, కోల్పోయే ఎత్తు మీ దగ్గర ఉండదు.

ప్రశ్న: ఆగస్టులో ఒక సాయంత్రం దిగడానికి శక్తి తగ్గించగానే ఇంజన్ గరగరలాడింది. బయట 26 డిగ్రీల వేడి. మంచు పట్టిందన్నారు. హైదరాబాదులో మంచా? — శిక్షణ పైలట్, తార్నాక

జవాబు: కార్బురేటర్ గొంతులో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు, అక్కడ పీడనం తగ్గడం వల్ల కూడా, గాలి 20 నుంచి 30 డిగ్రీల దాకా చల్లబడగలదు. వానాకాలపు తేమగాలి 26 డిగ్రీల దగ్గర ఉన్నా ఆ గొంతులో గడ్డకట్టడానికి ఇది చాలు. శక్తి తగ్గించి దిగుతున్నప్పుడు ఆ ముప్పు మరీ ఎక్కువ. గుర్తు ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) మెల్లగా జారడమే. కార్బురేటర్ హీట్ పిడిని పూర్తిగా లాగినప్పుడు కరిగిన మంచు నీరై ఇంజన్‌లోకి పోతుంది కాబట్టి, మొదట గరగర ఇంకా పెరుగుతుంది. కొత్తవారు అక్కడ భయపడి పిడిని వెనక్కి నెట్టేస్తారు. నెట్టవద్దు, కొద్ది క్షణాల్లో ఇంజన్ కోలుకుంటుంది. వానాకాలంలో ట్యాంకు అడుగున చేరే నీటినీ మరువకండి. రాత్రి ఖాళీగా వదిలిన ట్యాంకు గోడల మీద తేమ చెమర్చి, పెట్రోలు కంటే బరువైనది కాబట్టి అడుగుకు చేరుతుంది. ఉదయం ట్యాంకు అడుగు నుంచి కొంత గ్లాసులోకి తీసి చూసినప్పుడు అడుగున రంగులేని బుడగలా కనబడుతుంది. నీరు రావడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ తీయండి. ఎడమ రెక్క కింద ఉన్న గాలిగొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టలేదని కూడా చూసుకోండి. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదు.

ప్రశ్న: సార్, ఒక సీనియర్ గారితో కలిసి ఎగిరే ముందు ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉందనిపించింది. 'సరిపోతుంది, పద' అన్నారు. పెద్దవారికి ఎదురు చెప్పలేక కూర్చున్నాను. క్షేమంగానే దిగాము. మళ్ళీ అలా జరిగితే ఏమి చెప్పాలి? — శిక్షణ పైలట్, ఎల్.బి. నగర్

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను, ఎందుకంటే ఈ శీర్షికకు వచ్చిన వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైన పరిస్థితిని వర్ణించింది నీ ఉత్తరమే. మన ఇళ్ళలో, బడుల్లో, పెద్దల మాటకు ఎదురు చెప్పడం తప్పని నేర్పి పెంచారు. ఆ మర్యాదను వదలనవసరం లేదు. 'మీరు తప్పు' అని నువ్వు చెప్పనక్కరలేదు. కొలిచిన సంఖ్య చెబితే చాలు. 'తక్కువగా ఉందేమో అనిపిస్తోంది సార్' అనే మాటను ఎవరైనా తోసిపుచ్చగలరు, ఎందుకంటే అది అభిప్రాయం. సంఖ్యను తోసిపుచ్చాలంటే ఆయన తానే నిచ్చెన ఎక్కి కొలవాలి, అప్పుడు పని జరిగినట్లే.

బరువు కారణంగా తక్కువ పోయించాననే జవాబు వస్తే, అది కొన్నిసార్లు నిజమే; సెస్నా 172లో నలుగురు పెద్దవాళ్ళు కూర్చుంటే నిండు ట్యాంకులతో లేవడానికి వీలుండదు. అప్పుడు తగ్గించవలసింది ప్రయాణం దూరాన్ని, లేదా ఒక మనిషిని.

ఒక చిన్న పుస్తకంలో ఎడమ, కుడి ట్యాంకుల కొలత, ప్రయాణానికి కావలసినది, దిగాక మిగిలేది రాసుకుని, సీటులో కూర్చోక ముందే, విమానం పక్కన నిలబడి చెప్పు: 'సార్, ఎడమ 20, కుడి 18 లీటర్లు కొలిచాను. రెండింటిలో కలిపి వాడలేనిది 6 లీటర్లు పోతే 32. గంటకు 25 చొప్పున గంటా 15 నిమిషాలు వస్తుంది. మనది గంట ప్రయాణం. ఇంకో 40 లీటర్లు పోయిస్తాను సార్, పది నిమిషాలు పడుతుంది.' ఆ తరువాత ఆయన జవాబు కోసం ఆగకుండా బౌజర్ వైపు నడువు. అయినా వద్దన్నారంటే, ఆ విమానం ఎక్కకు. అదే రోజు మీ ముఖ్య శిక్షకులకు ఆ నాలుగు సంఖ్యలతోనే ఉత్తరం రాసి ఇవ్వు.